బయోస్ మార్చాక షాపు సిస్టమ్ లేవడం లేదు (హెచ్61 బోర్డు, తిరుపతి), దారి చెప్పండి

బాలాజీకాలనీ_జిరాక్స్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. తిరుపతి బాలాజీ కాలనీలో మాకు చిన్న జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఉద్యోగాల దరఖాస్తులు, హాల్‌టికెట్లు, దర్శనం టికెట్ల ప్రింట్లు, ఇవే మా పని. నాలుగు సిస్టమ్‌లు ఉన్నాయి. 2013లో మా నాన్న చీటీ పాడి ఆ డబ్బుతో నాలుగూ ఒకేసారి కొన్నారు. నాలుగింటికీ ఒకే మోడల్ హెచ్61 (ఇంటెల్ చిప్‌సెట్ పేరు) బోర్డు, ఐ5-3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్.

పోయిన వారం మా బావమరిది తన పాత ల్యాప్‌టాప్‌లో నుంచి తీసిన 256 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (పీసీఐఈ దారిలో నడిచే వేగమైన డ్రైవ్) ఇచ్చాడు. పీసీఐఈ అడాప్టర్ తెప్పించి మూడో నంబరు సిస్టమ్‌లో పెట్టాను. విండోస్‌లో డ్రైవ్ కనిపించింది, ఫైళ్లు కాపీ అయ్యాయి. కానీ బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) దాని పేరే లేదు, దాని మీద నుంచి బూట్ కాలేదు. ఇంటర్నెట్‌లో వెతికితే మా బోర్డు మోడల్ పేరుతోనే ఎవరో ఎన్‌వీఎంఈ డ్రైవర్ కలిపి పెట్టిన బయోస్ ఫైలు దొరికింది. విండోస్‌లో నడిచే టూల్‌తో రాయించబోతే ఫైలు సరిపోలడం లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. ఒక వీడియోలో ఆ ఎర్రర్ దాటడానికి బలవంతంగా రాయించే ఆప్షన్ చూపించారు. నేనూ అదే పెట్టాను. నూరు శాతం అయింది, రీస్టార్ట్ చేశాను.

అప్పటి నుంచి ఫ్యాన్ తిరుగుతుంది, కీబోర్డు లైటు వెలగదు, బీప్ రాదు, మానిటర్‌కు సిగ్నల్ లేదు. బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి అరగంట ఉంచాను. క్లియర్ సీమాస్ జంపర్ (బయోస్ సెట్టింగులు చెరిపేది) పెట్టాను. ర్యామ్ మార్చాను. ఏమీ మారలేదు. రాత్రి షాపు మూశాక టార్చి వేసి చూస్తే బోర్డు అంచున రివిజన్ 2.0 అని ఉంది. నేను దించుకున్న ఫైలు 1.0 బోర్డుదట. పాత బయోస్ బ్యాకప్ తీసుకోలేదు.

ఇక్కడ ఒక షాపులో చూపిస్తే బోర్డు పోయింది, మార్చేసుకో అన్నారు. ఈ ప్రాసెసర్‌కు సరిపోయే కొత్త బోర్డులు దొరకడం లేదు, దొరికే పాతవాటికి గ్యారంటీ లేదు. నాన్నకు ఇంకా చెప్పలేదు, కరెంటు సమస్య అన్నాను.

నేను అడిగేది రెండు విషయాలు. ఈ బోర్డు మళ్లీ లేస్తుందా? పక్కనున్న సిస్టమ్ బయోస్ తీసి దీనిలో పెడితే సరిపోతుందా? రెండోది, ఎన్‌వీఎంఈ నుంచి బూట్ చేయించడానికి భద్రమైన పద్ధతి ఏదైనా ఉందా, లేక ఆ ఆలోచనే మానుకోవాలా?

కొర్లగుంట_పీసీ

బ్రో, ముందు డబ్బు ఖర్చు లేని పని ఒకటి చేసి చూడు. కొన్ని ఏఎంఐ కంపెనీ బయోస్ ఉన్న బోర్డులలో బూట్ బ్లాక్ (బయోస్‌లో మొదట నడిచే చిన్న ముక్క) బతికి ఉంటే పెన్‌డ్రైవ్ నుంచి రికవరీ అవుతుంది. కంపెనీ సైటులో నీ 2.0 రివిజన్ ఫైలు దించు, ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో వేసి, మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టు. ఆన్ చేస్తూ కంట్రోల్, హోమ్ కలిపి నొక్కి ఉంచు. పెన్‌డ్రైవ్ లైటు మినుకుమినుకుమంటే వదిలేసి పది నిమిషాలు ఆగు. లైటు అసలు వెలగకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే.

చిత్తూరు_చిప్‌లెవెల్

తమ్ముడూ, బోర్డు పోలేదు. ముందు ఆ టెన్షన్ తీసెయ్. నేను చిత్తూరు కట్టమంచి దగ్గర పదమూడేళ్లుగా బోర్డులు రిపేరు చేస్తున్నాను. నువ్వు చెప్పిన లక్షణాలతో వచ్చిన బోర్డుల్లో చాలావాటిని అదే రోజు లేపి పంపాను. ఫ్యాన్ తిరుగుతోందంటే కరెంటు అందుతోంది. ప్రాసెసర్ తన మొదటి ఆదేశం కోసం బయోస్ చిప్పు వైపు చూస్తుంది. అక్కడ వేరే బోర్డు రాత ఉంది కాబట్టి ముందుకు పోలేక ఆగిపోయింది. బ్యాటరీ తీస్తే పోయేది తేదీ, సెట్టింగులు మాత్రమే. బయోస్ ప్రోగ్రాం ఫ్లాష్ చిప్పులో ఉంటుంది, దానికి బ్యాటరీతో పని లేదు. అందుకే నువ్వు అరగంట ఉంచినా, ఏడాది ఉంచినా ఒకటే.

పైన చెప్పిన కంట్రోల్, హోమ్ పద్ధతి ఒకసారి చూడు, తప్పులేదు. అది పనిచేయకపోతే చిప్పును బయటి నుంచి రాయాలి. దానికి సీహెచ్341ఏ అనే చిన్న యూఎస్‌బీ ప్రోగ్రామర్ చాలు. నేను నాది చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాను, ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతుంది.

ముందు బోర్డు మీద చిప్పు ఎలా ఉందో చూడు. ఆ కాలం హెచ్61 బోర్డులలో చాలావాటికి బయోస్ చిప్పు ఎనిమిది కాళ్లతో, సాకెట్‌లో గుచ్చి ఉంటుంది. అలా ఉంటే నీ అదృష్టం, టంకం (సోల్డరింగ్) పని లేదు, చిప్పును బోర్డు మీదే పట్టుకునే క్లిప్పు పని లేదు. పైన 25క్యూ64 అని ఉంటే 64 మెగాబిట్లు, అంటే 8 ఎంబీ. 25క్యూ32 అయితే 4 ఎంబీ. నంబరు మొత్తం ఫోటో తీసి పెట్టు, చివరి రెండు అక్షరాలు కూడా కనిపించాలి. అవి ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ప్రోగ్రామర్ చేతికి రాగానే చాలామంది మొదట నొక్కేది ఎరేజ్ బటన్. నువ్వు ఆ పని చేయొద్దు. చచ్చిన చిప్పునైనా ముందు చదివి దాచుకో. అందులో ఉన్నది తప్పు రాతే కదా, దాచి ఏం లాభం అనిపిస్తుంది. కానీ ఆ 8 ఎంబీ అంతా ఒకే ముక్క కాదు. ఇంటెల్ బోర్డులో మొదటి 4 కేబీ డిస్క్రిప్టర్, అంటే చిప్పులో ఏది ఎక్కడుందో చెప్పే పటం. తర్వాత ఎంఈ, అంటే ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేర్ ఉంటుంది. ఇంటెల్ లాన్ ఉన్న బోర్డయితే దాని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ గుర్తింపు నంబరు) ఉండే చిన్న భాగం వేరే ఉంటుంది. బయోస్ రీజియన్, అంటే అసలు బయోస్ ఉండే భాగం, వీటన్నిటి తర్వాత వస్తుంది. విండోస్ టూల్ చాలాసార్లు బయోస్ రీజియన్‌నే రాస్తుంది, మిగతా భాగాలను ముట్టుకోదు. అంటే నీ బోర్డుకు మాత్రమే చెందిన సమాచారం చాలావరకు ఆ చచ్చిన చిప్పులోనే ప్రాణాలతో ఉండవచ్చు. ఎరేజ్ కొట్టావంటే అదీ పోతుంది.

పక్క సిస్టమ్ నుంచి కాపీ చేస్తే లేస్తుందా అని అడిగావు. నాలుగూ ఒకే రివిజన్ అయితే లేస్తుంది. కానీ ఆ బోర్డు సీరియల్ నంబరు, యూయూఐడీ (బోర్డు ప్రత్యేక గుర్తింపు కోడ్), మ్యాక్ అడ్రస్ చిప్పులో ఉంటే అవి కూడా దీనికి వచ్చేస్తాయి. ఒకే రౌటర్ కింద ఒకే మ్యాక్‌తో రెండు సిస్టమ్‌లు ఉంటే ఒకటి ఎక్కగానే ఇంకొకటి నెట్ నుంచి పడిపోతుంది. ఒక పరీక్ష సెంటర్‌లో ఈ గొడవతో రెండు రోజులు కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నారు. చివరికి చూస్తే పది సిస్టమ్‌లకూ ఒకే డంప్ (చిప్పు నుంచి చదివి తీసిన ఫైలు) రాసిపెట్టారు. పక్క సిస్టమ్ చిప్పును ఆధారంగా దగ్గర పెట్టుకో, నేరుగా దించకు.

వోల్టేజి సంగతి. నల్లగా ఉండే సాదా సీహెచ్341ఏ చిప్పు కరెంటు కాలికి 3.3 వోల్టులే ఇస్తుంది కానీ డేటా కాళ్ల మీద 5 వోల్టులు వస్తాయి. 3.3 వోల్టుల చిప్పులు చాలావరకు తట్టుకుంటాయి. తట్టుకుంటున్నాయి కదా అని అలవాటు చేసుకోకూడదు. వోల్టేజి మార్చుకునే స్విచ్ ఉన్న రకాలు ఇప్పుడు వస్తున్నాయి, కొంటే అదే కొను. చిప్పు నంబరు చివర ఎఫ్‌డబ్ల్యూ, జేడబ్ల్యూ అని ఉంటే అది 1.8 వోల్టుల చిప్పు. దానికి 1.8 అడాప్టర్ లేకుండా తాకించకూడదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2017లో పలమనేరు నుంచి ఎంబీఏ చదివే ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చింది. బయోస్ పాస్‌వర్డ్ పడిపోయింది. అప్పటికి నాకు ఈ పని మీద ధీమా ఎక్కువ. చిప్పు నంబరు సరిగ్గా చదవలేదు, అది 1.8 వోల్టులది. బ్యాకప్ తీయకుండా క్లిప్పు పెట్టి ఎరేజ్ కొట్టాను. సగంలో చిప్పు వేడెక్కిపోయింది. బోర్డు పోయింది. విండోస్ 8 కాలం నుంచి ల్యాప్‌టాప్‌లకు విండోస్ కీ కూడా ఫర్మ్‌వేర్‌లోనే వస్తుంది, అదీ దానితోనే పోయింది. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి పాత బోర్డు వెతికి నా డబ్బుతో వేసిచ్చాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, థ్యాంక్స్ చెప్పి వెళ్లింది. అది నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆ రోజు నుంచి మూడుసార్లు చదవకుండా ఏ చిప్పునూ రాయలేదు.

మూడుసార్లు అంటే ఇదీ. చిప్పు తీసి ప్రోగ్రామర్‌లో పెట్టు, చదువు, ఒక పేరుతో సేవ్ చెయ్యి. తీసి మళ్లీ పెట్టు, చదువు, ఇంకో పేరు. మళ్లీ ఒకసారి. మూడు ఫైళ్లూ సరిగ్గా 83,88,608 బైట్లు ఉండాలి. విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ కమాండ్‌తో మూడింటికీ ఎస్‌హెచ్ఏ256 హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) తీసి చూడు. మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటే రావాలి. ఒక్కటి తేడా వచ్చినా కాంటాక్టు సరిగ్గా లేనట్టు. ఫైలు అంతా ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ అనో, అంతా సున్నాలనో వస్తే అసలు చదవనే లేదు.

చిప్పు తీసేటప్పుడు ప్లగ్గు పీకు, బ్యాటరీ కూడా తీసెయ్. ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపడం చాలదు. సన్న స్క్రూడ్రైవర్‌తో ఒక చివర కొంచెం, ఇంకో చివర కొంచెం లేపుతూ రావాలి. ఒక్కవైపే ఎత్తితే కాళ్లు వంగుతాయి. చిప్పు మీద చిన్న చుక్క లేదా అర్ధచంద్రం ఉంటుంది, అది ఒకటో కాలు వైపు. తీసే ముందు ఫోటో తియ్. ప్రోగ్రామర్ సాకెట్‌లో 25 అని అచ్చు ఉన్న సగంలోనే పెట్టాలి, 24 వైపు కాదు. తిరగేసి పెడితే చిప్పు నిమిషంలో కాలుతుంది. వేలు పెట్టి చూడు, వేడి తగిలితే వెంటనే యూఎస్‌బీ లాగెయ్.

ఆ మూడు ఫైళ్లూ దగ్గర పెట్టుకుని ఇక్కడ రాయి. తర్వాత సంగతి అప్పుడు చెప్తాను.

ఎలక్ట్రానిక్స్_మేడం

నేను తిరుపతి దగ్గరే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. పై వారు చెప్పిన పద్ధతి సరైనది. నేను వేరే విషయం చెప్పాలి, ఎందుకంటే మీ షాపులో ఏ పని జరుగుతుందో మీరే రాశారు.

మీరు రాయించిన ఫైలు ఎవరు తయారు చేశారో మీకు తెలియదు. అది సరిగ్గా పనిచేసి ఉంటే మీరు సంతోషించేవారు, ఆ సిస్టమ్ మీద రోజుకు ఎంతోమంది ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, ఓటీపీలు కొడుతూ ఉండేవారు. బయోస్‌లో దాగిన చెడ్డ కోడ్ విండోస్ కంటే ముందే మేలుకుంటుంది. డిస్క్ ఫార్మాట్ చేసినా పోదు, కొత్త డిస్క్ పెట్టినా పోదు. ఇది ఊహ కాదు. 2018లో ఈసెట్ పరిశోధకులు లోజాక్స్ అనే మాల్‌వేర్‌ను బయటపెట్టారు. అది సరిగ్గా ఈ బయోస్ ఉండే ఎస్పీఐ ఫ్లాష్ చిప్పులోనే కాపురం పెట్టింది. అంతకు చాలా ముందు సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న ఎన్నో కంప్యూటర్ల బయోస్‌ను చెరిపేసింది. చిప్పులోకి వెళ్లే ప్రతి బైటూ కంపెనీ సైటు నుంచి రావాలి, లేదా మీ చేతులతో మీరు మార్చినదై ఉండాలి. మూడోది వద్దు. ఆ ఫైలు నేరుగా పనిచేయకపోవడమే మీకు మేలైంది అని నా అభిప్రాయం.

మీ సిస్టమ్‌లలో దేనికైనా బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే, బయోస్ జోలికి వెళ్లే ముందు దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

నా దగ్గర వోల్టేజి స్విచ్ ఉన్న ప్రోగ్రామర్ ఉంది. మా ల్యాబ్‌కు వచ్చి వాడుకోవచ్చు, లేదా రెండు రోజులకు తీసుకెళ్లండి. మెసేజ్ పెట్టండి.

బాలాజీకాలనీ_జిరాక్స్

మేడం, చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం వచ్చి తీసుకున్నాను. అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. కంట్రోల్, హోమ్ పనిచేయలేదు, పెన్‌డ్రైవ్ లైటు వెలగలేదు.

చిప్పు సాకెట్‌లోనే ఉంది. విన్‌బాండ్ 25క్యూ64బీవీ. మొదటిసారి చదివినది, రెండోసారి చదివినది హాష్ కలవలేదు. భయమేసింది. చూస్తే ఒక కాలు సాకెట్‌లో సరిగ్గా దిగలేదు. రబ్బరుతో కాళ్లు తుడిచి మళ్లీ పెట్టాక మూడూ ఒకటే వచ్చాయి. సైజు 83,88,608. యూఈఎఫ్ఐటూల్‌లో (బయోస్ ఫైలు లోపలి భాగాలు చూపే ప్రోగ్రాం) తెరిస్తే డిస్క్రిప్టర్, ఎంఈ, బయోస్ అని విడివిడిగా కనిపిస్తున్నాయి. ఒకటో నంబరు సిస్టమ్ చిప్పు కూడా తీసి మూడుసార్లు చదివి వెంటనే తిరిగి పెట్టేశాను. అది మామూలుగా నడుస్తోంది. ఇప్పుడు ఏం చేయాలి?

చిత్తూరు_చిప్‌లెవెల్

శభాష్. సగం కంటే ఎక్కువ పని అయిపోయింది. హాష్ కలవలేదని ఆగావు చూడు, ఆ ఓపికే ఈ పనికి కావాల్సింది.

ఇప్పుడు కంపెనీ సైటు నుంచి 2.0 రివిజన్ ఫైలు దించు. దాని సైజు చూడు. సరిగ్గా 83,88,608 అయితే అది నిండు చిప్పు ఫైలు. కంపెనీ ఇచ్చే నిండు ఫైలును కూడా నేరుగా రాయకు, దానిలో నీ బోర్డు సొంత వివరాలు ఉండవు. కొన్ని కంపెనీల ఫైళ్లకు ముందు 2,048 బైట్ల కాప్సూల్ హెడర్ తగిలించి ఉంటుంది. అది ఉన్నపళంగా చిప్పులో రాస్తే మొత్తం అంత దూరం పక్కకు జరిగి బోర్డు లేవదు. యూఈఎఫ్ఐటూల్‌లో తెరిస్తే హెడర్ ఉందో లేదో పైనే చూపిస్తుంది.

కంపెనీ ఫైలులో బయోస్ రీజియన్ మీద రైట్ క్లిక్ చేసి, ఉన్నది ఉన్నట్టుగా బయటికి తీసి సేవ్ చెయ్యి. నీ చచ్చిన చిప్పు డంప్ తెరిచి, దానిలోని బయోస్ రీజియన్ స్థానంలో ఇది పెట్టు. రెండు రీజియన్ల సైజు ఒకటే ఉండాలి, లేకపోతే అక్కడే ఆగి నాకు చెప్పు. డిస్క్రిప్టర్, ఎంఈ నీవే ఉంటాయి, బయోస్ కంపెనీది వస్తుంది. దీనికి యూఈఎఫ్ఐటూల్ పాత 0.28 వెర్షన్ వాడు. కొత్త ఎన్ఈ వెర్షన్లు చూడటానికి చాలా బాగుంటాయి కానీ వాటితో మార్చడం కుదరదు. సీరియల్, యూయూఐడీ కొన్ని బోర్డులలో బయోస్ రీజియన్ లోపలే ఉంటాయి, నీకు అవి ఖాళీ అయినా షాపు పనికి అడ్డు రాదు. మ్యాక్ అడ్రస్ మాత్రం లేచాక తప్పకుండా చూసుకో.

తర్వాత ఎరేజ్, బ్లాంక్ చెక్ (అంతా చెరిగిందో లేదో చూడటం), రాయడం, వెరిఫై. వెరిఫై అయ్యాక కూడా ఒకసారి తిరిగి చదివి నువ్వు రాసిన ఫైలుతో హాష్ కలిసిందో లేదో చూడు. ప్రోగ్రామర్ పెట్టిన కంప్యూటర్ యూపీఎస్ మీద ఉండాలి. గాలివాన వచ్చే సాయంత్రం ఈ పని పెట్టుకోకు. మొదటిసారి ఆన్ చేశాక రెండు మూడుసార్లు తనంతట తాను ఆగి మొదలవుతుంది. కంగారుపడి స్విచ్ తీయకు.

బాలాజీకాలనీ_జిరాక్స్

అన్నా, లేచింది!

ఈ రోజు పొద్దున షాపు తెరవకముందే కూర్చుని చేశాను. మొదటిసారి ఆన్ చేయగానే రెండుసార్లు ఆగి మొదలైంది. మీరు ముందే చెప్పకపోయి ఉంటే స్విచ్ తీసేసేవాడిని. మూడోసారి కంపెనీ లోగో వచ్చింది. తేదీ 2012 చూపించింది, సరిచేశాను. విండోస్ ఎక్కింది, మ్యాక్ అడ్రస్ బాక్సు మీద ఉన్న స్టిక్కర్‌తో పోల్చాను, అదే ఉంది. నాన్నకు మొత్తం చెప్పాను. ముందే చెప్పొచ్చు కదా అన్నారు, అంతే. ఇప్పుడు ఆ చిప్పు ఫైళ్లు రెండు పెన్‌డ్రైవ్‌లలో ఉన్నాయి, ఒకటి ఇంట్లో బీరువాలో పెట్టాను.

ఎన్‌వీఎంఈ విషయం మానేయమంటారా?

చిత్తూరు_చిప్‌లెవెల్

మానేయక్కర్లేదు. కానీ చేయాలా వద్దా ముందు ఆలోచించు. హెచ్61కు ఉన్న సాటా పోర్టులన్నీ (మామూలు డిస్క్‌లు తగిలించేవి) సెకనుకు 3 గిగాబిట్లవే. మామూలు సాటా ఎస్ఎస్‌డీ పెట్టినా సెకనుకు 270, 280 ఎంబీ దాటదు. అయినా డీటీపీ పనికి, బ్రౌజర్‌కు అది హాయిగా సరిపోతుంది. హార్డ్ డిస్క్ తీసి అది పెట్టినా మీ షాపుకొచ్చే పిల్లలకు తేడా వెంటనే తెలుస్తుంది. మిగతా మూడింటికీ నా సలహా అదే, బయోస్ ముట్టుకోకుండా పని అయిపోతుంది.

ఆ ఎన్‌వీఎంఈని వాడి తీరాలంటే, ఫ్లాష్ చేయని దారి ఒకటుంది. క్లోవర్ అనే బూట్‌లోడర్‌ను చిన్న పెన్‌డ్రైవ్‌లో వేసి, దాని డ్రైవర్ల ఫోల్డరులో ఎన్‌వీఎంఈ డ్రైవర్ పెట్టాలి. బయోస్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది, క్లోవర్ ఎన్‌వీఎంఈలో ఉన్న విండోస్‌ను లేపుతుంది. పెన్‌డ్రైవ్ ఎప్పుడూ వెనక గుచ్చి ఉండాలి. షాపులో ఎవరో ఒకరు ప్రింటు కోసం దాన్ని పీకేస్తారు, ఈ దారిలో ఇబ్బంది అదొక్కటే.

బయోస్‌లోనే డ్రైవర్ కలపాలంటే నేను చేసే పద్ధతి చెప్తాను. అసలు చిప్పును ముట్టుకోకు. అదే కంపెనీ, అదే నంబరు ఖాళీ చిప్పు ఒకటి కొను. అదే నంబరు ఎందుకంటే, బోర్డు ఏ ఫ్లాష్ చిప్పులను గుర్తించాలో చెప్పే పట్టిక డిస్క్రిప్టర్‌లో ఉంటుంది, వేరే రకం పెడితే ఎంఈ పేచీ పెట్టవచ్చు. నీ మంచి డంప్‌ను యూఈఎఫ్ఐటూల్‌లో తెరిచి, డీఎక్స్ఈ డ్రైవర్లు (బూట్ సమయంలో బయోస్ వాడుకునే డ్రైవర్లు) ఉన్న వాల్యూమ్‌లో చివరి డ్రైవర్ తర్వాత ఎన్‌వీఎంఈ మాడ్యూల్ చేర్చు. మేడం చెప్పిన మాట మరిచిపోకు. ఆ మాడ్యూల్‌ను కూడా వీలైతే ఎన్‌వీఎంఈ మద్దతు ఉన్న కంపెనీ బయోస్‌లో నుంచి నువ్వే బయటికి తీసుకో. సేవ్ చేశాక మళ్లీ తెరిచి, పాతదాన్ని పక్కన పెట్టి పోల్చు. సైజు మారకూడదు. పాతదానిలో ఉన్న ప్యాడ్ ఫైలు (ఖాళీ జాగా నింపేది) కొత్తదానిలో మాయమైనా, లేనిది కొత్తగా పుట్టినా ఆ ఫైలు రాయకు. ఖాళీ చిప్పు మీద ఇది రాసి, సాకెట్‌లో పెట్టి చూడు. లేవకపోతే అసలు చిప్పు తిరిగి పెడితే ఐదు నిమిషాల్లో షాపు నడుస్తుంది. రాత్రికి నిద్ర పడుతుంది.

అడాప్టర్‌ను పొడుగు గ్రాఫిక్స్ స్లాట్‌లోనే పెట్టు. నీ ఐ5లో గ్రాఫిక్స్ లోపలే ఉంది కాబట్టి ఆ స్లాట్ ఖాళీనే కదా. చిన్న ఎక్స్1 స్లాట్‌లో పెడితే సెకనుకు 500 ఎంబీలోపే ఆగిపోతుంది, ఇంత కష్టం దేనికి. విండోస్‌ను యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) పద్ధతిలో, జీపీటీ రకంగా విభజించిన డిస్క్ మీద కొత్తగా ఎక్కించాలి. బూట్ లిస్టులో నీ ఎస్ఎస్‌డీ పేరు కాకుండా పాటా ఎస్ఎస్ అని కనిపించవచ్చు. అదే నీ డ్రైవ్, కంగారు పడకు.

ఒక్కటి గుర్తు పెట్టుకో. ఇదంతా ఈ పాత బోర్డుల వరకే. 2013లో వచ్చిన హాస్‌వెల్ నుంచి ఇంటెల్ బూట్ గార్డ్ ఉంది. కంపెనీ దాన్ని లాక్ చేసి ఉంటే, బయోస్‌లో వాళ్ల సంతకం కింద ఉన్న భాగంలో ఒక్క బైట్ మార్చినా బోర్డు లేవదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావరకు అలాగే ఉంటాయి. రేపు ఎవరైనా కస్టమర్ తన ల్యాప్‌టాప్ తెచ్చి మాకూ మార్చిపెట్టు అంటే ఒప్పుకోకు.

బాలాజీకాలనీ_జిరాక్స్

అన్నా, మీరు చెప్పినట్టే మూడింటికి సాటా ఎస్ఎస్‌డీ వేయాలని నాన్న, నేను అనుకున్నాం. మూడో నంబరుకు మాత్రం ఖాళీ చిప్పు తెప్పించి చేశాను, ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవుతోంది. లిస్టులో పాటా ఎస్ఎస్ అనే వచ్చింది. అసలు చిప్పును చిన్న డబ్బాలో పెట్టి, మీద తేదీ రాసి, క్యాబినెట్ లోపలే టేపు వేసి అతికించాను.

బ్యాకప్ కోసం మిగతావి కూడా తీసి చదువుతుంటే నాలుగో నంబరులో విన్‌బాండ్ కాదు, మాక్రోనిక్స్ ఎంఎక్స్25ఎల్6406ఈ ఉంది. రివిజన్ కూడా 2.0 కాదు, 2.1. ఎప్పుడైనా అది చెడిపోతే ఒకటో నంబరు డంప్ దానికి వాడొచ్చా?

చిత్తూరు_చిప్‌లెవెల్

వద్దు. చిప్పు సైజు అదే 8 ఎంబీ, వోల్టేజి కూడా 3.3యే, కానీ రివిజన్ మారింది. ఇప్పుడు బాగున్నప్పుడే దాని చిప్పును దాని పేరుతోనే చదివి పెట్టుకో. ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్‌లో మాక్రోనిక్స్ నంబరు ఎంచుకోవడం మర్చిపోకు. ఫైలు పేరులో నాలుగో నంబరు, రివిజన్ 2.1, తేదీ మూడూ రాయి.